పదహారో మైలు, పది నిమిషాలు

కట్ట కాపలా లస్కరు పుస్తకం. రాస్తున్నది గుత్తుల వీరవేణి. సముద్రపు కట్ట మీద పద్నాలుగో మైలు నుంచి పద్దెనిమిదో మైలు దాకా నా నడక.

కార్తిక బహుళ పంచమి

పోటు ఎనిమిది అడుగులు. గాలి తూర్పు నుంచి. గడ్డి కోత పదిహేనో మైలు దాకా అయింది.

పదహారో మైలు దగ్గర కట్ట అడుగున ఏడాదిగా ఊట ఉంది. తేటగా కారే ఊటకు ఏ లస్కరూ భయపడడు. సముద్రాన్ని ఆపుతున్న మట్టికట్ట ఎక్కడో ఒకచోట చెమరుస్తుంది. ఈ రోజు పొద్దున మాత్రం ఆ నీళ్ళు పలచటి టీ రంగులో కనిపించాయి. గాజు గ్లాసులో పట్టి గట్టు మీద పెట్టాను. గడ్డి కోసుకుని మధ్యాహ్నం వచ్చి చూస్తే గ్లాసు అడుగున గోరు మందాన మట్టి పేరుకుంది. ఎర్రమట్టి. మా లంకల్లో ఎక్కడ తవ్వినా నల్లమట్టే. ఎర్రమట్టి ఉన్నది ఒక్క కట్ట కడుపులోనే. కట్టే రోజుల్లో ఎక్కడో మెట్ట నుంచి ఓడల మీద తెచ్చి పోశారు. అంటే నీళ్ళు కట్టను లోపల్నుంచి మోసుకొచ్చేస్తున్నాయి.

తీర మండలికి ఫోను చేశాను. యంత్రం పలికింది. "పదహారో మైలు నాడులు సవ్యంగా ఉన్నాయి. ధన్యవాదాలు."

నాడులంటే కట్ట మట్టిలో పాతిన తీగలు. లోపల నీరు ఎంత ఎత్తుకు చేరిందో అవి మండలికి చెబుతుంటాయి. ఈ ఐదు మైళ్ళ నాడుల్ని చూసుకునేది మా ఆయన దొరబాబు. అన్నం తింటుంటే గ్లాసు తెచ్చి ముందు పెట్టాను.

"నాడులు బాగానే ఉన్నాయి కదే. ఊరికే కంగారు పడతావేంటి" అన్నాడు. గ్లాసు వైపు చూడలేదు.

పదిరోజుల్లో అమావాస్య. ఆ పోటు పదమూడు అడుగులని లెక్క.

బహుళ షష్ఠి

పోటు ఎనిమిదిన్నర. ఊట వెడల్పు అరచేయంత.

వార్డు ఆఫీసుకు వెళ్ళి అర్జీ ఇచ్చాను. గుమస్తా హేమసుందరి కాగితం చూడకుండానే వెనక్కి తోసింది.

"రాతలు తీసుకోవట్లేదండి. యంత్రాలు రాసినవేవో మనుషులు రాసినవేవో తెలీక మండలి ఆపేసింది. నాడుల మాటని కాదనాలంటే ఇప్పుడు దృశ్యవ్యాసం ఒక్కటేనండి."

"అంటే?"

"వీడియో అండి. అలాగని ఊరికే తీసేస్తే కుదరదు. మీరేమంటున్నారో, ఎందుకంటున్నారో, రుజువేంటో అన్నీ చూపించాలి. మీ గొంతుతోనే. ఈ సీలు కెమెరాతోనే. పది నిమిషాలు దాటితే తీసుకోదు."

కెమెరా సబ్బుబిళ్ళంత ఉంది. బయటి బొమ్మలేవీ అందులోకి ఎక్కవట. తీసింది చెరపడానికీ ఉండదు. కావలసిన ముక్కల్ని ఒకదాని పక్కన ఒకటి అతికించుకోవచ్చు, అతికించాక మాత్రం ఊడదియ్యలేం. మనిషికి ఏడాదికి ఒక్క వ్యాసం. అబద్ధమని తేలితే మొత్తం కొట్టేస్తారు.

"నాకు ఫొటో తియ్యడమే సరిగా రాదమ్మా" అన్నాను.

"ఊళ్ళో ఇంకెవరైనా లేరాండి?"

ఎవరున్నారు? కట్ట కింద పీతలదిబ్బలో రెండువందల పన్నెండు గడపలు. అందరూ ఉప్పువరి మడుల్లో పనిచేసేవాళ్ళే. ముందు జాగ్రత్తగా ఇళ్ళు వదిలి వెళ్ళిపొమ్మనడానికీ లేదు. మూడురోజులు తాళం కనబడితే చాలు, ఇంటి కోసం వరసలో ఉన్నవాళ్ళకు ఆ ఇల్లు రాసేస్తారు. మండలి ఆజ్ఞ ఉంటేనే పడవలొస్తాయి.

బహుళ సప్తమి

పోటు తొమ్మిది. గడ్డి కోయలేదు.

పొద్దున్నుంచి నలభై నిమిషాలు తీశాను. కట్ట, గడ్డి, ఊట, నా చెప్పులు. మధ్యలో నేను కెమెరా ముందు నిలబడి "అయ్యా, మా ఊరు మునిగిపోతుందయ్యా" అని ఏడ్చాను. తర్వాత చూసుకుంటే సిగ్గేసింది. కట్ట మీద కెమెరా పెడితే కట్టే కనిపించింది. నిక్షేపంలా ఉంది. పచ్చగా, నున్నగా, వెయ్యేళ్ళు ఉండేటట్టుంది. ఆ వీడియో చూసినవాడెవడైనా ఆ కట్ట కిందే ఇల్లు కట్టుకుంటాడు.

బొంతు ఏసుపాదం బాబాయ్ గుర్తొచ్చాడు. ఒకప్పుడు నలభై ఏళ్ళు పెళ్ళివీడియోలు తీసినవాడు. ఇప్పుడు డెబ్బయ్ దాటాయి. రెండు కళ్ళలోనూ శుక్లాలు. కెమెరాను ముక్కుకు ఆనించి చూశాడు, చెవికి ఆనించి విన్నాడు.

"ఏమ్మా, నువ్వు ఎవరితో మాట్లాడతన్నావు?"

"మండలితో."

"ఆళ్ళు నిన్ను నమ్మరు. అది ముందు ఒప్పుకో. ఆళ్ళ నోట్లో ఉన్న మాట నువ్వే అనెయ్. నాడులు బాగున్నాయి కదా, ఈవిడకేంటి బాధ అని. అన్నాక జవాబు చూపించు. చెప్పకు. చూపించు."

"ఏం చూపించను బాబాయ్? తప్పు లోపలుంది. బయటికి కనబడదు."

"మరి నీకెలా తెలిసింది? నీకు ఏది చూశాక గుండె జారిందో ఆళ్ళకీ అదే చూపించు."

ఇంటికొచ్చి గ్లాసు తీశాను.

బహుళ అష్టమి

పోటు తొమ్మిదిన్నర. ఊట చేటంత అయింది. నడిమధ్యన నీరు అన్నం ఉడికినట్టు కుతకుతమంటోంది.

ఇసుక బస్తాలు ఇరవై మోసి ఊట చుట్టూ గుండ్రంగా పేర్చాను. లోపల నీరు నిలిచి బరువు పెరిగితే ఉరవడి కొంత తగ్గుతుంది. నడుము పట్టేసింది.

పోటుకు ఒక గ్లాసు, పాటుకు ఒక గ్లాసు పట్టి, పక్కనే పీతలదిబ్బ నల్లమట్టి కలిపిన మూడో గ్లాసు పెట్టి తీశాను. కెమెరా కదలకుండా ఇటుక మీద పెట్టి, మట్టి కిందికి దిగేదాకా కూర్చున్నాను. నేనేమీ మాట్లాడలేదు. ఎర్రమట్టి అడుగున చేరడం స్పష్టంగా పడింది. మొదటిసారి అది నేను తీసిన వీడియోలా కాక, కట్టే చెప్పుకుంటున్నట్టు అనిపించింది.

సాయంత్రం బాబాయ్ కెమెరాను ముక్కుకు ఆనించుకుని, కనబడినంత చూసి తల ఊపాడు. "బాగుంది. ఇప్పుడు ఆళ్ళు అడిగేది ఒకటే. మరి నాడులెందుకు చెప్పలేదు?"

దొరబాబును అడిగాను. "పదహారో మైలు నాడుల పెట్టె ఒకసారి తెరిచి చూపిస్తారా? వీడియోలో పెడతాను."

"పెట్టె తెరవడానికి నీకు హక్కు లేదు."

"మీకుంది కదా."

కంచంలో చెయ్యి కడిగేసుకుని లేచిపోయాడు.

బహుళ నవమి

పోటు పది.

తాళంచెవి ఆయన చొక్కా జేబులోంచి తీశాను. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆయన జేబులో చెయ్యి పెట్టడం ఇదే మొదలు.

పదహారో మైలు పెట్టె తెరిచాను. నాడుల తీగలు ఆరు మట్టిలోంచి వచ్చి చివర్లు తెగి, ఉప్పు పట్టి పచ్చగా ఉన్నాయి. దేనికీ కలిపి లేవు. పెట్టెలోకి వస్తున్నది ఒకే ఒక్క నల్లతీగ. దాన్ని పట్టుకుని గడ్డిలో పాకుతూ వెళ్ళాను. మైలు దూరం. పదిహేనో మైలు పెట్టెలో తేలింది. పదిహేనో మైలు ఆరోగ్యాన్నే మండలి పదహారో మైలు ఆరోగ్యమనుకుంటోంది.

తీగకు చుట్టిన టేపు మా ఇంట్లో ఉన్న నీలం టేపు.

కెమెరా నడుముకు కట్టే ఉంది. తీశాను. టేపుతో సహా.

ఇంటి వెనక వల బాగుచేసుకుంటున్న ఆయన ముందు నిలబడ్డాను. నా ముఖం చూసి ఆయనకు అర్థమైపోయింది.

"ఎన్నాళ్ళయింది?"

"పద్నాలుగు నెలలు." వల కింద పెట్టాడు. "నాడులు చచ్చిపోయాయే. కొత్తవి లేవన్నారు. చచ్చిపోయాయని రాత్తే ఏమవుద్దో తెలుసు కదా? ఇరవై రెండో మైలుని ఏం చేశారు? వదిలేసే జాబితాలో పెట్టారు. ఊరు ఊరంతా లేపి నాలుగు దిక్కులా, మెట్ట మీద మండలి కట్టిన అంతస్తుల గోపురాల్లో పడేశారు. తల్లొక చోట, పిల్లలొక చోట. మన ఊరికి అది వద్దనే చేశాను."

"ఇప్పుడు కట్ట కరిగిపోతోందండి."

"అప్పుడు కరగలేదు. అప్పుడు బాగానే ఉంది." వల మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. "వేణీ, నాడులు మార్చినోడికి శిక్ష ఏడేళ్ళు, పూడిక తోడే పడవ మీద చాకిరీ. అక్కణ్ణించి తిరిగొచ్చినోణ్ణి ఒక్కణ్ణి చూపించు."



బహుళ దశమి

పోటు పదిన్నర. వాన మొదలైంది. బస్తాల గుండ్రం బయట రెండో ఊట పుట్టింది.

నల్లతీగ లేకుండా వ్యాసం అతికించాను. ఆరు నిమిషాలొచ్చింది. మధ్యలో "నాడులు అన్నిసార్లూ నిజం చెప్పకపోవచ్చు" అని ఒక ముక్క చెప్పి ముందుకెళ్ళిపోయాను.

బాబాయ్ రెండుసార్లు విన్నాడు.

"ఇక్కడ తడబడ్డావమ్మా."

"మాట తప్పింది."

"మాట కాదు. పెళ్ళిలో అందరూ కెమెరాకేసి చూసి నవ్వుతారు. ఎవడో ఒకడు తప్పించుకు తిరుగుతాడు. నేను ఆణ్ణి గుర్తుపట్టేసేవాణ్ణి. ఇందులో నువ్వు తప్పించుకుంటన్నావు. ఎవరినో దాత్తన్నావు."

చెప్పేశాను. ఆయన కెమెరా తిరిగి నా చేతిలో పెట్టేశాడు.

"నేనేం చెయ్యను బాబాయ్?"

"అది నన్నడక్కమ్మా. నాది కెమెరా పని" అన్నాడు. ఆ మాట అన్నందుకు ఆయనకే బాధ కలిగినట్టుంది, నా తలమీద చెయ్యి వేశాడు.

బహుళ ఏకాదశి

పోటు పదకొండు. ఊరి చేతిపంపులో ఉప్పునీళ్ళు పడ్డాయి.

పొద్దున్నే పదహారో మైలు పెట్టె తెరిచి, నల్లతీగ చేత్తో పట్టుకుని, కెమెరాకేసి చూసి చెప్పాను. "ఈ తీగ కలిపింది నేనే. మా ఆయనకు తెలియదు."

ఆ ముక్క అతికించగానే వ్యాసం గట్టిగా నిలబడింది. ఎక్కడా వెలితి లేదు. పరుగున తీసుకెళ్ళి వినిపించాను.

బాబాయ్ ఆపమన్నాడు. "ఇది అబద్ధం."

"మీకు ముందే తెలుసు కాబట్టి అలా అనిపిస్తోంది."

"కాదమ్మా. అంతకుముందు వరకూ నువ్వు కట్టతో మాట్లాడావు. ఇక్కడ మాత్రం నీలో నువ్వు మాట్లాడుకున్నావు. నా చెవికి దొరికింది ఆళ్ళ యంత్రానికి దొరకదా? ఇదొక్క మాట పట్టుకుని మొత్తం కొట్టేత్తే?"

ఊళ్ళో ఎనిమిది వందల అరవై మంది. నా ఒక్క మాట మీద.

అతికించిన ముక్కను కెమెరా ఊడదియ్యనివ్వదు. వానలో కట్టెక్కి కూర్చున్నాను. సముద్రం వైపు, కట్టకు అవతల వదిలేసిన పాత ఊరి ఇళ్ళ కప్పులన్నీ పోటులో మునిగిపోయాయి. లోపలి వైపు చూస్తే పీతలదిబ్బలో పొయ్యిల పొగ. నీళ్ళ మట్టం పొగకన్నా ఎత్తులో ఉంది. ఇన్నేళ్ళూ రోజూ చూసిందే. ఇవాళ చూడలేక మొహం తిప్పుకున్నాను. ఆయన్ని పడవెక్కించాలా, ఊరిని నీళ్ళలో వదలాలా అని నన్ను అడిగేవాళ్ళు ఎవరూ లేరు. నేనే అడుక్కోవాలి, నేనే చెప్పుకోవాలి. గొంతు పోయేదాకా అరిచాను. వాన హోరులో నాకే వినబడలేదు.

బహుళ ద్వాదశి

పోటు పదకొండున్నర. ఊటలు నాలుగు. బస్తాలు అయిపోయాయి.

పొద్దున ఇంట్లో కిటికీ పక్కన కెమెరా పెట్టుకుని కూర్చున్నాను. నిన్నటి అబద్ధపు ముక్క ఎలాగూ ఊడదు. అలాగే ఉంచి, దాని వెనకనే ఇలా చెప్పాను.

"ఇప్పుడు మీరు విన్నది అబద్ధం. తీగ కలిపింది నేను కాదు, మా ఆయన. ఆయన్ని కాపాడుకోవాలని అలా అన్నాను. ఆయన ఊరిని కాపాడుకోవాలని తీగ కలిపాడు. మేమిద్దరం చెప్పిన అబద్ధాలూ ఈ కట్టను ఆపలేవు. అందుకని నిజం చెబుతున్నాను. ఎర్రమట్టి బయటికొచ్చేస్తోంది. అమావాస్యకు కట్ట ఉండదు."

అక్కడితో ఆపుదామని చెయ్యి చాచాను. గుమ్మంలో అలికిడైంది. దొరబాబు. ఎప్పటినుంచి నిలబడ్డాడో తెలియదు. చొక్కా నుంచి నీళ్ళు కారుతున్నాయి. ఆ కెమెరా లాక్కుని నేలకేసి కొడతాడనుకున్నాను. కొట్టేస్తే బాగుణ్ణని కూడా ఒక్క క్షణం అనుకున్నాను, దేవుడు క్షమించాలి.

ఆయన వచ్చి నా పక్కన పీట మీద కూర్చున్నాడు.

"ఇందులోకేనా చూడాలి?"

"ఆ."

"నా పేరు గుత్తుల దొరబాబు. పద్నాలుగు నుంచి పద్దెనిమిదో మైలు వరకూ నాడుల పని నాది. పద్నాలుగు నెలల కింద పదహారో మైలు నాడులు ఆరూ పోయాయి. చెప్పలేదు. మండలికి భయపడి కాదు, ఊరు పోద్దని. తప్పే." తర్వాత ఏ తీగ ఎప్పుడు తెగిందో, ఎక్కడెక్కడ ఎంత లోతులో పాతి ఉందో, కట్ట లోపల నీరు ఇప్పుడు ఎంత ఎత్తుకు వచ్చి ఉండొచ్చో వరసగా చెప్పాడు. ఒక్కసారి కూడా తల ఎత్తలేదు. చివర్లో "దీనికి దీనితో సంబంధం లేదండి" అని నా వైపు చెయ్యి చూపించాడు. వస్తువుని చూపించినట్టు అన్నాడు, అలవాటు లేక.

మొత్తం తొమ్మిది నిమిషాల యాభై సెకన్లు. వార్డు ఆఫీసుకు ఇద్దరం కలిసే వెళ్ళాం. ఒకే గొడుగు.

బహుళ త్రయోదశి

పోటు పన్నెండు.

మధ్యాహ్నం ఆజ్ఞ వచ్చింది. "అభ్యంతరం అంగీకరించడమైనది. పీతలదిబ్బ వెంటనే ఖాళీ చేయవలెను. పదహారో మైలుకు మరమ్మతు లేదు. ఊరు వదిలేసే జాబితాలో చేర్చడమైనది. గుత్తుల దొరబాబును అదుపులోకి తీసుకోవలెను."

దొరబాబు భయపడిందంతా అక్షరాలా జరిగింది. నేను భయపడింది ఇంకా జరగలేదు. హేమసుందరి ఆజ్ఞ చదువుతుంటే ఊరంతా నాకేసి చూసింది. ఎదురింటి పల్లాలమ్మ నా ముందుకొచ్చి నేలమీద ఉమ్మింది.

"కట్ట బాగుచెయ్యమని అడుగుతావనుకుంటే ఊరే ఎత్తించేశావు కదే. కట్టుకున్నోణ్ణి కూడా అమ్ముకున్నావు."

పది నిమిషాల్లో చెప్పాల్సిందంతా చెప్పేశాను.

బహుళ చతుర్దశి

పోటు పన్నెండున్నర.

పడవలు పదకొండు వచ్చాయి. తెల్లారినప్పటి నుంచి పొద్దు వాలేదాకా ఎక్కించాం. మనిషికి ఒక మూట. ఏసుపాదం బాబాయ్‌ని నేనే చెయ్యి పట్టుకుని ఎక్కించాను. దొరబాబును పట్టుకుపోవడానికి వచ్చిన ఇద్దరు బంట్రోతులు కూడా మూటలు మోశారు, ఆయనా మోశాడు. చివరి పడవలో కావాలని ముగ్గురూ ఎక్కారు.

అమావాస్య

పోటు పదమూడు అడుగులు దాటే ఉంటుంది. కొలబద్ద పోయింది కనుక ఇక నా లెక్క లేదు.

రాత్రంతా మెట్టకాలువ మొదట్లో లంగరేసి, తెల్లారాక కదిలాం. పొద్దున తొమ్మిదింటికి, పడవలు కాలువ మలుపులో ఉన్నప్పుడు గండి పడింది. చప్పుడు మాకు ఆలస్యంగా వినిపించింది. ముందు కనిపించింది రంగు. పదహారో మైలు దగ్గర ఎర్రటి నీటి నాలుక ఒకటి కట్టలోంచి బయటికొచ్చి, వెడల్పై, మడుల మీద పరుచుకుని, పీతలదిబ్బ ఇళ్ళ మీదికెక్కింది. కొన్ని ఇళ్ళు వెంటనే కూలిపోయాయి. మా ఇల్లు కాసేపు నిలబడింది.

పల్లాలమ్మ నా వైపు చూడలేదు. కాసేపటికి మూట పక్కకు జరిపి నేను కూర్చోవడానికి చోటు చేసింది. కూర్చున్నాను.

మార్గశిర శుద్ధ పాడ్యమి

మెట్ట మీద రేవు. పూడిక పడవ ఆయన్ని తీసుకెళ్ళడానికి వచ్చింది. రెండు నిమిషాలు మాట్లాడుకోనిచ్చారు.

"ఎంతసేపు మాట్లాడానే అందులో?" అని అడిగాడు.

"రెండు నిమిషాల పదిసెకన్లు."

"అంతేనా? నాకు పొద్దంతా అనిపించింది." మూట భుజానికెత్తుకుని, "బాగా చెప్పానా?" అన్నాడు.

"తడబడ్డారు. కానీ ఒక్కటీ వదలకుండా చెప్పారు."

పిలిచారు. వెళ్ళి పడవెక్కాడు. ఎక్కాక కూడా నావైపు తిరిగి నిలబడ్డాడు, పడవ ముందుకు పోతున్నా వెనక్కే చూస్తూ. కనుమరుగయ్యేదాకా నేనూ కదల్లేదు.

తర్వాత గోపురం వాకిట్లో పేర్లు రాస్తున్న వరసలో నిలబడ్డాను. నా వంతు వచ్చింది.

"ఇంటిపేరు?"

"గుత్తుల."

"ఇంట్లో ఎంతమంది?"

"ఇద్దరం."

రాసే అమ్మాయి తల ఎత్తి నా వెనక చూసింది. "ఒక్కరే కనబడతన్నారండి?"

"ఆయన పనిమీద వెళ్ళారు. ఏడేళ్ళు పడుతుంది. ఇద్దరని రాయమ్మా."

ఆ అమ్మాయి ఒక క్షణం కలం పట్టుకుని ఆగింది. ఆ తర్వాత ఇద్దరని రాసింది.